తాళం వేస్తే తప్పు పడుతుందేమో!

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది ప్రకాశం జిల్లాలో ఓ పల్లె. కూకట్‌పల్లిలో లేడీస్ హాస్టల్‌లో, త్రీ షేరింగ్ రూమ్‌లో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. రూమ్‌మేట్లలో ఒకరు మా పిన్ని వాళ్ల ఊరి అమ్మాయి. ఈ హాస్టల్ చూపించిందీ తనే. అడక్కుండా నా డ్రెస్సులు వేసుకుంటుంది, బ్యాగు తెరుస్తుంది. ఆఫీసులో ఒకబ్బాయి గురించి నేను డైరీలో రాసుకున్నది చదివి పిన్నికి చెప్పింది. పిన్ని అమ్మకు చెప్పింది. పోయిన నెల నుంచి నా 2 గ్రాముల ఉంగరం కనిపించడం లేదు. కబోర్డుకు తాళం వేద్దామంటే ‘నన్ను దొంగ అనుకుంటున్నావా’ అంటుందేమోనని భయం. అమ్మేమో సర్దుకుపొమ్మంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు ఉంగరాన్నీ డైరీనీ విడదీసి చూడండి. డైరీ చదివింది ఎవరో మీకు తెలుసు. ఉంగరం ఏమైందో తెలియదు. డైరీ మీద ఉన్న కోపంతో ఉంగరం కూడా తనే తీసి ఉంటుందని మనసు లెక్క కట్టేస్తుంది. ఆ మాట మీ నోటి నుంచి వచ్చిందంటే అది రెండు కుటుంబాల గొడవవుతుంది. రేపు ఉంగరం ఏ బ్యాగు లైనింగులోనో దొరికితే తల ఎత్తుకోలేరు. మీ గదిలోకి ఊడ్చే మనిషి వస్తుంది, వార్డెన్ దగ్గర డూప్లికేట్ తాళంచెవి ఉంటుంది, ఇంతకుముందు అదే మంచం మీద ఉండి వెళ్లిన అమ్మాయి తాళంచెవి తిరిగి ఇచ్చిందో లేదో ఎవరికీ గుర్తుండదు. కాబట్టి ఎవరి పేరూ ఎత్తకుండా ఓనర్‌కు వాట్సాప్‌లో రాయండి: ఏ వస్తువు, ఎప్పటి నుంచి కనిపించడం లేదు అని. రాసింది మిగిలి ఉంటుంది, నోటిమాట మిగలదు. పోయిందని గట్టిగా అనిపిస్తే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. అందులో ఎవరినో ఒకరిని అనుమానితులుగా రాయాలనేమీ లేదు. ‘వస్తువులు పోతే మేనేజ్‌మెంట్‌కు బాధ్యత లేదు’ అని మెట్ల దగ్గర బోర్డు ఉంటుంది చూడండి, అది మీ ఫిర్యాదును ఆపలేదు.

ఇక తాళం. గురుకులాల్లో చదివిన పిల్లల్ని అడగండి, ప్రతి మంచం కింద ఒక రేకు పెట్టె, దానికో తాళం. పక్క మంచం పిల్ల అలిగిందని ఎవరూ చెప్పరు. మొదటి రోజు నుంచీ ఉన్న తాళాన్ని ఎవరూ పట్టించుకోరు. మధ్యలో, అదీ గుట్టుగా వేసినదే గుచ్చుకుంటుంది. అందుకే తాళం కొనుక్కొచ్చిన రోజే, ఇద్దరూ ఉన్నప్పుడు మామూలు గొంతుతో చెప్పేయండి: “ఉంగరం పోయినప్పటి నుంచి నాకు భయంగా ఉంది. సర్టిఫికెట్లు కూడా ఇందులోనే ఉన్నాయి, అందుకే తాళం వేస్తున్నా. మీకూ కావాలంటే చెప్పండి, రేపు తెస్తా.” అప్పటికీ అలిగితే అలగనివ్వండి. రెండు రోజులు మాట్లాడకపోతే మీ డ్రెస్సులైనా మీకు మిగులుతాయి!

హాస్టల్ కబోర్డుతో వచ్చే తాళాన్ని నమ్మకండి. కొన్నిచోట్ల ఒక కబోర్డు తాళంచెవి పక్కదానికీ పడుతుంది. ఓనర్‌ను అడిగి సొంత తాళంకప్ప పట్టేలా గొళ్లెం వేయించుకోండి. ఒప్పుకోకపోతే గట్టి పెట్టె తెచ్చుకుని, రైల్లో కట్టినట్టు గొలుసుతో మంచం కోడుకు కట్టండి. జిప్పు సూట్‌కేసుకు తాళం వేసి నిశ్చింతగా ఉండొద్దు. బాల్‌పెన్ మొనతో ఆ జిప్పును విడదీసి, రన్నర్ అటూ ఇటూ లాగితే మళ్లీ మూసుకుపోతుంది, తెరిచినట్టు కూడా తెలియదు. రెండో తాళంచెవి రూములో దాచకుండా ఆఫీసు డ్రాయర్‌లో పెట్టండి.

అసలు కొన్ని వస్తువులకు హాస్టల్‌లో పనే లేదు. బంగారం, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఈసారి ఊరెళ్లినప్పుడు ఇంట్లో పెట్టి రండి. పత్రాలు దాచుకునే ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో మీ పేరున జారీ అయిన పత్రాలకు 2016 ఐటీ నిబంధనల ప్రకారం ఒరిజినల్స్‌తో సమాన విలువ ఉంది. ఆధార్ జిరాక్స్ ఎక్కడ పడితే అక్కడ పెట్టకండి. చాలాచోట్ల చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుంది.

డైరీకి తాళం వేశాక ఆ అమ్మాయి చూపు మీ ఫోన్ మీదికి మళ్లొచ్చు. ప్యాటర్న్ తీసేసి పిన్ పెట్టండి. పక్క మంచం వాళ్లు గీత చూసి నేర్చేసుకుంటారు. మనిషి గాఢ నిద్రలో ఉంటే వేలిముద్ర లాక్ కూడా కాపాడదు, రాత్రిపూట దాన్ని ఆపేయండి. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి, మీది కాని ల్యాప్‌టాప్ ఏదైనా కనిపిస్తే వెంటనే లాగౌట్ చేయండి.

ఇదంతా వస్తువుల సంగతి. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది డైరీ అని నాకనిపిస్తోంది. ఊరి నుంచి పిల్ల పట్నం వెళ్తుంటే పెద్దవాళ్లు తెలిసినమ్మాయితో “కాస్త కనిపెట్టుకుని ఉండమ్మా” అంటారు. మీ పిన్ని కూడా అని ఉండొచ్చు. ఆ అమ్మాయి దాన్ని ఒక డ్యూటీలా తీసుకుందేమో. అలాగని చేసింది ఒప్పు అయిపోదు. తనతో ఒంటరిగా, ఒక్కసారే, సూటిగా మాట్లాడండి: “నా డైరీ చదివి పిన్నికి చెప్పావు. చాలా బాధపడ్డాను. ఇకమీదట నా వస్తువులు నన్నడక్కుండా ముట్టుకోకు, డ్రెస్సులతో సహా.” పాత లెక్కలన్నీ తవ్వకండి. తను ఏడిస్తే ఓదార్చే పని కూడా మీరు పెట్టుకోవద్దు.

అమ్మ ‘సర్దుకుపో’ అనడంలో డ్రెస్సుల వరకూ కొంత అర్థముంది. ఎవరో ఒకరి చున్నీ ఎవరో ఒకరు వేసుకోని హాస్టల్ ఉండదు. డైరీ విషయంలో మాత్రం అమ్మ మాట నేను ఒప్పుకోను. అయితే ఆమెకు ఆ కబురు ఎవరి నోటి నుంచి చేరిందో ఆలోచించండి. కూతురు చెప్పాల్సిన మాట చెల్లెలు ఫోన్ చేసి చెబితే ఏ తల్లికైనా చిన్నతనంగా ఉంటుంది. ఆ అబ్బాయితో మీకున్నది మాటల స్నేహమే అయినా, ఇంకేదైనా, అమ్మకు చెప్పదలచుకున్నంత మీరే చెప్పండి. ఇంట్లో తెలిసిపోయాక మీ మీద నిఘా పెట్టి ఎవరికీ లాభముండదు.

మీరు రాయలేదు కానీ, బట్టలు మార్చుకుంటుండగా ఎవరైనా ఫొటోలు, వీడియోలు తీశారని తెలిస్తే సర్దుబాటు మాటే వద్దు. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద అది నేరం. మహిళల రక్షణ కోసం ఉన్న పోలీసు బృందాలు షీ టీమ్స్‌కు గానీ, ఎమర్జెన్సీ నంబరు 112కు గానీ చెప్పాలి.

తాళం, మాట రెండూ అయ్యాక కూడా రెండు మూడు వారాలు నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ అమ్మాయి పద్ధతి మారకపోతే ఓనర్‌ను వేరే రూములో మంచం అడగండి. కారణం చెప్పమంటే ఆఫీసు టైమింగులని చెప్పినా తప్పులేదు. హాస్టలే మారాల్సి వస్తే నోటీసు ఎన్ని రోజుల ముందివ్వాలో, అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారో ముందే కనుక్కుని బయల్దేరండి. కొత్తచోట కబోర్డుకు తాళం మొదటి రోజే పడాలి.