‘ఒప్పుకున్న’ సారు, ‘చెప్పిన’ సారు

సందేహం: ఉపాధ్యాయ మిత్రులం కలిసి తెస్తున్న సంచికకు మా లెక్కల సారు గురించి వ్యాసం రాశాను. ఒకరోజు టీ తాగుతూ ఆయనే మాతో అన్న సంగతిని ‘తాను గే అని తోటివారికి చెప్పిన సారు’ అని రాస్తే, సంపాదకులు ‘ఒప్పుకున్న సారు’ అని దిద్దారు. అర్థం ఒకటేనట. నాకు ముల్లులా గుచ్చుకుంటోంది. ‘ఓపెన్‌గా’ అన్నదానికి తెలుగులో ఏమనాలి? ఇంకొకటి. ఈ ఏడు ఒక ట్రాన్స్ మహిళ మా బళ్లో టీచరుగా చేరారు. ‘వచ్చిండు’ అనాలా, ‘వచ్చింది’ అనాలా అని తర్జనభర్జన. ‘వచ్చిన్రు అంటే గొడవే లేదు’ అని ఒకరి సలహా. నిజమేనా?
– ఒక తెలుగు ఉపాధ్యాయురాలు, హనుమకొండ

సమాధానం: మీకు గుచ్చుకున్నది నిజం ముల్లేనమ్మా. మీ సంపాదకుల చేత ఈ వాక్యం ఒకసారి చదివించండి: ‘తాను వరంగల్లు వాడినని ఆయన ఒప్పుకున్నారు.’ వరంగల్లులో పుట్టడం తప్పయినట్టు, ఇన్నాళ్లూ దాచినట్టు, ఎవరో నిలదీస్తే గత్యంతరం లేక నోరు విప్పినట్టు లేదూ? ‘చెప్పారు’ అంటే ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు.

చిత్రమేమిటంటే ఈ క్రియ మంచి ఇంట పుట్టిందే. ఒప్పు అంటే తప్పు కానిది, అందం కూడా. ఆడపిల్లలు చేతులు పట్టుకుని గిరగిరా తిరిగే ఒప్పులకుప్పలో ఉన్నది ఆ ఒప్పే. ‘పని ఒప్పుకున్నడు’, ‘సంబంధం ఒప్పుకున్నరు’ అంటే ఎవరికీ మచ్చ లేదు. ‘పుస్తకం ఇస్తానని ఒప్పుకుంది’ అన్నా లేదు. ఇవ్వడం ఇంకా జరగాల్సిన పని, కనుక అక్కడ ఒప్పుకోవడమంటే సమ్మతించడం. ‘అని’కి ముందు జరిగిపోయిన సంగతో, మనిషి తీరో వచ్చినప్పుడే రంగు మారుతుంది. ‘కిటికీ అద్దం నేనే పగలగొట్టానని ఒప్పుకున్నాడు.’ సమ్మతి కాస్తా నేరాంగీకారం అయిపోయింది. మీ సంపాదకుల చేయి నేరవార్తలకు అలవాటు పడిందేమోనని నా అనుమానం. అలాంటి శారీరక సంబంధాన్ని నేరమన్న 377వ సెక్షన్ పూర్తిగా అమల్లో ఉన్న రోజుల్లో సైతం చట్టం పట్టింది చేసిన పనిని, గే అయి ఉండటాన్ని కాదు. పెద్దవాళ్లిద్దరి ఇష్టంతో జరిగేదాన్ని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు నేరాల లెక్కలోంచి తీసేసింది. ఇంకా ఏం ఒప్పుకోవాలి ఆ సారు?

‘ఓపెన్‌గా’కు వద్దాం. ‘బహిరంగంగా’లో మైకు మోత ఉంది, సభలకూ క్షమాపణలకూ బాగుంటుంది. ‘బాహాటంగా’లో ఎదిరింపు ఉంది. టీ తాగుతూ చెప్పిన మాటకు ఇవి రెండూ బరువే. ‘బయటపడ్డారు’ అనీ రాస్తున్నారు కొందరు. ‘పడు’ చేరితే పని మన చేతిలో లేనట్టు: గుట్టు బయటపడుతుంది, చిరిగిన సంచిలోంచి సామాను బయటపడుతుంది. ‘బయటపెట్టారు’లో మనిషి చేయి ఉన్నా, గుట్టు వాసన పోదు. ‘దాచుకోకుండా’ చాలు. అయితే ఎవరి దగ్గర దాచుకోకుండా? ఆయన చెప్పింది మీ నలుగురికి. అచ్చులో వచ్చేది ఊరందరికీ. ఆయనను అడిగాకే వేయండి.

మీరు ‘స్వలింగ సంపర్కుడు’ అని రాయలేదు, సంతోషం. పత్రికల్లో పాతుకుపోయిన ఆ మాట మనిషిని పడకగదిలోంచి పరిచయం చేస్తుంది. సైన్సు సారును అట్లా పరిచయం చేస్తామా, ఆయన సంపర్కానికి ఇద్దరు సాక్షులు అదే బళ్లో చదువుతున్నా?

ఇక ‘వచ్చిన్రు’ సలహా. వ్యాకరణానికి అది సరిపోతుంది. తెలుగు ఏకవచనంలో స్త్రీని తీసుకుపోయి చెట్టూ పుట్టా పక్కన నిలబెడుతుంది: ఆమె వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలో మాత్రం పురుషుడి పక్కన కూర్చోబెడుతుంది, కాబట్టి ‘వచ్చిన్రు’లో ఆడామగా తేడా తెలియదు. కానీ మన దిక్కు ‘సారు వచ్చిండు’, ‘మేడం వచ్చింది’ అనడంలో అమర్యాద లేదు, రోజూ వినేదే. తక్కిన మేడంలందరికీ ‘వచ్చింది’ పెట్టి ఈమె ఒక్కరికే ‘వచ్చిన్రు’ అంటే అది గౌరవం కాదు, తప్పించుకోవడం. పిల్లలు ఇట్టే పసిగడతారు. అందరినీ ‘వచ్చిన్రు’ అనే అలవాటుంటే ఈమెనూ అనండి, లేదంటే ‘మేడం వచ్చింది’. ‘వచ్చిండు’కు తావే లేదు. తన జెండర్ ఏదో నిర్ణయించుకునే హక్కు ఆ మనిషిదేనని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15నే తీర్పిచ్చింది. స్టాఫ్‌రూంలో చేతులెత్తించి తేల్చేది కాదు. అయినా ఇలాంటి తర్జనభర్జనకు ఆశ్చర్యపోను. ఇటువంటివారి పేర్లను రిజిస్టరుకెక్కించమన్న నిజాం కాలపు 1329 ఫసలీ (అంటే 1919) చట్టాన్ని మన హైకోర్టు కొట్టేసింది 2023 జులైలోనే మరి.

ఆమె హోదా రాయాల్సివస్తే ‘ఉపాధ్యాయిని’ వద్దు. సంస్కృతంలో ‘ఉపాధ్యాయానీ’ అంటే గురువుగారి భార్య. ఆ నీడ దీని మీద కాస్త పడుతుంది. మీ సంతకం కింద మీరు రాసుకున్నట్టే ‘ఉపాధ్యాయురాలు’ అనండి.