కొవ్వు తగ్గించుకునే ముందు తేల్చుకోవలసినవి

చిరంజీవికి ఆశీస్సులు.

పరుగు పోటీల నాటికి ఒంట్లో కొవ్వును 6 శాతానికి దించాలనుకుంటున్నానని రాశావు. ఎలా దించాలో అడిగావు గాని, అక్కడ ఎన్నాళ్లుండాలో, ఎలా తిరిగి రావాలో అడగలేదు. ఇన్నేళ్లుగా పరుగు నేర్పుతున్న నాకు ఎక్కువ మంది దెబ్బతిన్నది ఆ రెండు చోట్లనే కనిపించింది.

ముందుగా ఆ 6 అనే అంకెను పక్కన పెట్టు. వ్యాయామశాలలో పాదాలు ఆనించి నిలబడే యంత్రం ఒంట్లోని నీటిని బట్టి లెక్క మారుస్తుంది. ఎక్స్‌రేలతో ఒంట్లోని కొవ్వును కొలిచే డెక్సా స్కాన్‌లో కూడా కొంత తేడా తప్పదు. అందుకే ఎప్పుడూ ఒకే మనిషి చేత క్యాలిపర్ అనే పటకారులాంటి పరికరంతో చర్మపు మడతలు కొలిపించుకుని, ఆ మిల్లీమీటర్ల మొత్తాన్నే రాసిపెట్టుకో, శాతంగా మార్చకు. మజ్జలోను, నాడుల్లోను, అవయవాల్లోను ఉండి ప్రాణానికి తప్పనిసరైన కొవ్వే పురుషులకు సుమారు 3 శాతం, స్త్రీలకు సుమారు 12 శాతం ఉంటుంది కాబట్టి, నువ్వు అనుకుంటున్న చోటుకీ ఆ హద్దుకీ మధ్య మిగిలేది చాలా తక్కువ.

15 శాతం నుంచి 10కి రావడానికి ఓపిక చాలు. 10 దాటి కిందికి దిగేటప్పుడు మాత్రం శరీరమే ఎదురు తిరుగుతుంది. కొవ్వు కణాల నుంచి వెలువడే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గగానే కరువు వచ్చిందనుకుని మెదడు ఆకలిని పెంచుతుంది, థైరాయిడ్, టెస్టోస్టిరాన్ హార్మోన్లను తగ్గిస్తుంది, నీకు తెలియకుండానే రోజంతా నీ కదలికలను కూడా కుదిస్తుంది. మందులు వాడని ఒక బాడీబిల్డర్‌ను ఏడాది పాటు గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, అతని కొవ్వు 14.8 నుంచి 4.5 శాతానికి దిగేసరికి టెస్టోస్టిరాన్ నాలుగో వంతుకు పడిపోయింది, గుండె నిమిషానికి 27 సార్లే కొట్టుకుంది. వేదిక మీద నిలబడి కండలు చూపించవలసిన వాడికి అది కొన్నాళ్లు చెల్లుతుందేమో గాని, చివరి ల్యాప్‌లో వేగం పెంచవలసిన నీకు చెల్లదు.

కాబట్టి ఎంత తగ్గాలన్న దాని కంటే ఎంత తినాలన్న లెక్క ముందు చూసుకో. తిండి వల్ల వచ్చిన శక్తిలో వ్యాయామానికి ఖర్చయింది పోగా, కొవ్వు తీసేసిన బరువులో కిలోకు రోజుకు 30 కిలోకేలరీల కంటే తక్కువ మిగిలితే ఎముకలు, హార్మోన్లు, రోగనిరోధక శక్తి దెబ్బతినే ప్రమాదం పెరుగుతుందన్నది ఈ రంగంలో చాలాకాలంగా వాడుతున్న కొలబద్ద. ఇది గీత గీసినట్టు అందరికీ ఒక్కలా వర్తించకపోయినా దారి చూపిస్తుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ శక్తి లోటునే స్త్రీ పురుష క్రీడాకారులందరి సమస్యగా గుర్తించింది. నీ బరువు 70 కిలోలు, కొవ్వు 10 శాతం అనుకుంటే మిగిలేది 63 కిలోలు. దానికి 1890 కిలోకేలరీలు, పరుగుకు మరో 600 కలిపితే సుమారు 2500 అవుతుంది. అంతకంటే తక్కువ తింటూ రోజుల తరబడి సాధన చేయడం నాకు సమ్మతం కాదు. నీతో పరుగెత్తే అమ్మాయిలకు కూడా ఒక మాట చెప్పు: నెలసరి ఆగిపోవడం సాధన బాగా సాగుతోందనడానికి గుర్తు కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లవలసిన విషయం.

వారానికి బరువులో అర శాతం, అంటే నీ విషయంలో 350 గ్రాములు తగ్గితే చాలు. కిలో బరువుకు 2 గ్రాముల దాకా ప్రోటీన్ తీసుకో, బరువులెత్తే సాధన మానకు, గట్టి పరుగున్న రోజున పిండిపదార్థాలు తగ్గించకు. ఒంటికి బాగా చెమట పట్టించే చెమట సూటు వేసుకోవచ్చా అన్నావు. దానితో పోయేది నీరే, కొవ్వు కాదు. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీవీరులు ఇలా నీరు పోగొట్టుకుని బరువు తగ్గే ప్రయత్నంలోనే చనిపోయారు.

తిరుగు ప్రయాణపు తేదీని ఇప్పుడే క్యాలెండరులో రాసుకో. 1944-45లో మిన్నెసోటాలో 36 మంది యువకులను నెలల తరబడి అర్ధాకలితో ఉంచినప్పుడు వాళ్లకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది; మళ్లీ కడుపునిండా తిననిచ్చాక చాలామందిలో కొవ్వు మునుపటి కంటే ఎక్కువగా చేరింది. పోటీ అయ్యాక నీకూ ఆ ఆకలి వస్తుంది, దాన్ని బలహీనత అనుకోకు. వారం వారం కొంచెం కొంచెంగా తిండి పెంచుతూ, నీ మామూలు బరువుకు చేరుకోవడాన్ని కూడా సాధనలో భాగంగానే లెక్కించు.

మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేయించుకుని, రెండు వారాల పాటు పొద్దున లేవగానే బరువు, నాడి, రాత్రి నిద్రపోయిన గంటలు రాసి నాకు పంపు. అవి చూశాక, నువ్వు అసలు తగ్గవలసిన అవసరం ఉందో లేదో మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ మామయ్య