బొగ్గులకి పెద్ద మంట అక్కర్లేదు, ఎక్కువసేపు నిలిచే మంట కావాలి

మీ ప్రశ్న చూశానండి. వైజాగ్ ఎంవీపీ కాలనీలో మేడ మీద కొత్తగా బొగ్గుల గ్రిల్ పెట్టుకున్నారు. ఎంత విసిరినా బొగ్గులు రాజుకోవట్లేదు. కిరోసిన్ చల్లితే వంజరం ముక్కలకి ఆ కంపు పట్టేసింది. ఆన్‌లైన్‌లో అమ్మే ఫైర్ స్టార్టర్ క్యూబులు కొనాలా, డిసెంబరులో అరకు వెళ్లి క్యాంప్‌ఫైర్ వేసుకోవడానికి కూడా అవే పనికొస్తాయా అని అడిగారు. ఇప్పటికే మీకు సమాధానం రాసినవాళ్లలో ఒకాయన కొంచెం పెట్రోలు చిలకరిస్తే రెండు నిమిషాల్లో పని అయిపోతుందన్నారు. మిగతావన్నీ తర్వాత, ముందు దాని సంగతి చెబుతాను.

ఆ పని మాత్రం చేయకండి. పెట్రోలు సున్నా డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది, మన వైజాగ్ ఎండల్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి పైకి పోదు. గ్రిల్ కిందా, గచ్చు మీదా, మీ కాళ్ల దగ్గరా పరుచుకుంటుంది. మా వీధిలో ఒక కుర్రాడు బొగ్గులు ఆరిపోయాయనుకుని సీసాతో పెట్రోలు పోశాడు. అడుగున ఎక్కడో ఒక బొగ్గు ఇంకా కణకణలాడుతోంది. మంట ఆ ధార వెంబడే సీసా దాకా ఎగబాకింది. చెయ్యీ మెడా కాలి ఆ పిల్లాడు పడ్డ బాధ కళ్లారా చూశాను. అందుకే ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

కిరోసిన్ సుమారు 38 డిగ్రీలకి చేరితే గానీ అంటుకునేంత ఆవిరి ఇవ్వదు, అందుకే పెట్రోలుకన్నా నయమంటారు. చల్లటి బొగ్గు మీద అది నిజమే. సగం రాజుకున్న బొగ్గు మీద పోస్తే అది కూడా తెల్లటి ఆవిరిగా లేచి ఒక్కసారిగా భగ్గుమంటుంది. లాక్‌డౌన్ నాటి శానిటైజర్ వాడేవాళ్లనీ చూశాను. అందులోని స్పిరిట్ మంట పగటి వెలుతురులో సరిగా కనబడదు. ఆరిపోయిందనుకుని మళ్లీ పోస్తారు, ప్రమాదం అక్కడే జరుగుతుంది. ద్రవం ఏదైనా సరే, నిప్పు పుట్టాక దాని మీద పోయకూడదు.

ఇక మీ బొగ్గులు ఎందుకు అంటుకోవట్లేదో చూద్దాం. బొగ్గు నిండా కంటికి కనబడని సన్నటి రంధ్రాలుంటాయి. సముద్రం పక్కనున్న ఊళ్లో సంచి మూతి విప్పి వదిలేస్తే గాలిలోని తేమ అందులో చేరుతుంది. మీరు పెట్టిన మంటలో మొదటి భాగమంతా ఆ తేమని తరిమేయడానికే ఖర్చయిపోతుంది. కిరోసిన్ మంట చూడటానికి పెద్దగా ఉన్నా బొగ్గు పైపైనే ఆడి కాసేపట్లో చల్లారిపోతుంది, లోపల తేమ అలాగే ఉంటుంది. బొగ్గుకి కావలసింది కింద నుంచి, ఒకే చోట, ఒక పది నిమిషాలు నిలకడగా తగిలే చిన్న మంట. ఫైర్ స్టార్టర్ చేసే పని ఇంతే. కాబట్టి వంటకి ముందు బొగ్గుల్ని ఓ పూట ఎండలో పోయండి, తర్వాత మూతున్న డ్రమ్ములో దాచండి. సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

క్యూబుల్లో రకాలున్నాయి. గోధుమ రంగువి ఎక్కువగా రంపపు పొట్టునో చెక్క పీచునో మైనంతో కలిపి అచ్చు వేసినవి. ఒక్కొక్కటి సుమారు 8 నుంచి 10 నిమిషాలు మండుతుంది, వాసన తక్కువ. కొనేటట్లయితే వంటకి ఇవే కొనండి. తెల్లవాటిలో చాలావాటికి కిరోసిన్ జాతి నూనె పట్టించి ఉంటుంది, పెట్టె తెరవగానే ముక్కుకి తెలుస్తుంది. అవీ పనిచేస్తాయి, కాకపోతే పూర్తిగా కాలిపోయి వాసన పోయాకే చేప పెట్టాలి. మిలిటరీవాళ్లు వాడే చిన్న తెల్ల బిళ్లలు హెక్సమిన్ అనే రసాయనంతో చేసినవి. ట్రెక్కింగ్‌లో గిన్నె కింద పెట్టుకోవడానికి బాగుంటాయి గానీ వాటి పొగ మంచిది కాదు, నిప్పు మీద నేరుగా కాల్చే తిండికి నేనైతే వాడను. ఏ రకమైనా పిల్లలకి అందని చోట పెట్టండి, బిళ్లలు చూసి మిఠాయి అనుకుంటారు.

కొనడానికి ముందు మీ దేవుడి గదిలోకి ఒకసారి వెళ్లి చూడండి. పత్తి ఒత్తులు ఉంటాయి కదా. నాలుగైదు లావుపాటి ఒత్తుల్ని వంటనూనెలో నానబెట్టి, కారిపోకుండా కొంచెం పిండి, బొగ్గుల కింద పెట్టి వెలిగించండి. గారెలు వేయించగా మిగిలిన నూనె దీనికి చక్కగా సరిపోతుంది. మామూలు వేడిలో నూనె తనంతట తాను అంటుకోదు, ఒత్తి ద్వారానే మండుతుంది, కాబట్టి భగ్గుమనే భయం లేదు. చేపకి పాడు వాసనా పట్టదు. ఒత్తులు లేకపోతే పాత కాటన్ గుడ్డ ముక్క చాలు. సింథటిక్ కలిసిన గుడ్డ మాత్రం వద్దు, కరిగి కంపు కొడుతుంది.

క్యూబులు ఇంట్లోనే చేసుకోవాలనుకుంటే అట్టతో చేసిన కోడిగుడ్ల ట్రే తీసుకుని, ఒక్కో గుంటలో రంపపు పొట్టు నింపి, కరిగించిన కొవ్వొత్తి మైనం పోసి ఆరనివ్వండి. మైనాన్ని నేరుగా స్టవ్ మీద పెట్టకూడదు, మరీ వేడెక్కితే మైనమే అంటుకుంటుంది. మరుగుతున్న నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి అందులో కరిగించాలి. పొట్టు కోసం వడ్రంగి దగ్గరికి వెళ్లినప్పుడు అసలు చెక్క పొట్టే అడిగి తెచ్చుకోండి. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పొడిని అదిమి చేసే పలక) కోసిన పొట్టులో జిగురు ఉంటుంది, దాని పొగ తిండి దగ్గరికి రాకూడదు. రంగు వేసిన చెక్కలూ, ప్లాస్టిక్ కవర్లూ అంతే. పలాస వైపు నుంచి వచ్చే జీడిపిక్కల తొక్కు బాగా మండుతుందని కొందరు చెబుతారు. మండుతుంది, నిజమే. కానీ అందులో ఉండే నూనె ఒంటికి తగిలితే పొక్కులు లేపుతుంది, పొగ కళ్లనీ గొంతునీ మంట పెడుతుంది. వంట నిప్పుకి అది పనికిరాదు.

కర్పూరం మంచిదే, దానికీ పరిమితి ఉంది. తొందరగా అంటుకుంటుంది, తొందరగా అయిపోతుంది, నల్లటి మసి ఇస్తుంది. ఒక్క కర్పూరంతో బొగ్గు రాజుకోదు. విడదీసిన కొబ్బరి పీచు మధ్యలో రెండు బిళ్లలు పెట్టి వెలిగిస్తే, పీచు అందుకుని పుల్లలకి అందిస్తుంది. హారతి కర్పూరం తినేది కాదు కాబట్టి, పూర్తిగా కాలిపోయేదాకా గ్రిల్ మీద ఏమీ పెట్టకండి.

భీమిలిలో మా అమ్మమ్మ వంటిల్లు చివరిదాకా కట్టెల పొయ్యి మీదే నడిచింది. పొయ్యి పైనున్న అటక మీద ఎండు కొబ్బరి డొక్కలు, తాటాకులు, సరుగుడు చిదుగులు వేరువేరుగా పెట్టుకునేది. కింద వేడి తగిలి అవి వానాకాలంలో కూడా పెళపెళలాడుతూ ఉండేవి. వదులుగా విడదీసిన పీచు, దాని మీద చిదుగులు, తర్వాత వేలంత పుల్లలు, ఆఖర్న కట్టె. పీచుని గట్టిగా ఉండ చుడితే గాలి ఆడక కొస కాలి ఆరిపోతుందని పిల్లలకి కూడా చెప్పేది. ఊదుగొట్టం మొదట్లోనే ముట్టుకునేది కాదు. పుల్లలు అందుకున్నాకే ఊదేది. ఇవాళ మనం గ్రిల్ ముందు నిలబడి విసనకర్రతో మొదటి నిమిషం నుంచే విసిరేస్తాం. ఇంకా బలపడని మంటని గాలి చల్లార్చేస్తుంది, అందుకే అంత విసిరినా ఫలితం ఉండట్లేదు.

బొగ్గు పేర్చడం ఇస్త్రీ బండి వాళ్ల దగ్గర నేర్చుకోవాలి. గ్యాస్ ఇస్త్రీ పెట్టెలు వచ్చాక వాళ్లు తగ్గిపోయారు గానీ మీ వైపు ఎవరైనా ఉంటే పొద్దున్నే వెళ్లి గమనించండి. రాజుకున్న రెండు మూడు బొగ్గుల చుట్టూ మిగతావి ఒరుసుకునేలా పేరుస్తారు. ఒకదాని వేడి ఇంకోదానికి తగిలితేనే నిప్పు నిలుస్తుంది, విడివిడిగా పరిస్తే దేనికది చల్లబడిపోతుంది. మీరూ గ్రిల్ అంతా పరిచేయకుండా ముందు మధ్యలో కుప్పగా పోయండి.

ఇంకా సులువు కావాలంటే చిమ్నీ స్టార్టర్ కొనండి, లేదా చేయించుకోండి. 15 కిలోల నూనె డబ్బా పైనా కిందా తీసేసి, అడుగుకి కొంచెం పైన ఇనుప జాలీ బిగించి, జాలీ కింద నాలుగు వైపులా బొక్కలు పెట్టించి, పక్కన పట్టుకోవడానికి చెక్క పిడి వేయిస్తే చాలు. జాలీ కింద నూనె ఒత్తులు గానీ ఒక క్యూబు గానీ, పైన నిండా బొగ్గులు. వేడి గాలి పైకి లేస్తుంటే కింది బొక్కల్లోంచి కొత్త గాలి దానంతటదే లోపలికి లాగబడుతుంది. మీరు విసరక్కర్లేదు. 15, 20 నిమిషాల్లో పై బొగ్గులకి తెల్లటి బూడిద పూత పడుతుంది. అప్పుడు గ్రిల్‌లోకి ఒంపి, ఆ తర్వాతే చేప పెట్టండి. జింకు పూత ఉన్న రేకు మాత్రం వద్దు, బాగా కాలితే దాని పొగ ఒంటికి చేటు చేస్తుంది. బ్రికెట్లయితే (బొగ్గు పొడిని అచ్చు వేసిన దిమ్మలు) తుమ్మ బొగ్గుకన్నా నెమ్మదిగా అందుకుంటాయి, ఇంకాస్త ఓపిక పట్టాలి.

మేడ మీద సాయంత్రం సముద్రపు గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని, మీరు గాలికి వీపు పెట్టి నిలబడేలా గ్రిల్ పెట్టుకోండి. కొబ్బరి పీచు నిప్పురవ్వలు తేలిగ్గా ఎగురుతాయి, పక్క మేడ మీద బట్టలు ఆరేసి ఉంటే వాళ్లతో ముందే ఒక మాట చెప్పండి. ఒక బకెట్ ఇసుక దగ్గర ఉండాలి. నూనె కారి మంట లేస్తే నీళ్లు పోయకండి, మూత వేయండి. చెయ్యి కాలితే కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు పెట్టండి, పేస్టూ సిరా రాయొద్దు. పెద్ద గాయమైతే 108కి ఫోన్ చేయండి.

కట్టెల విషయంలో పచ్చికీ ఎండుకీ ఉన్న తేడా నాకు బాగా అర్థమైంది 2014లో. అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక రోజుల తరబడి కరెంటు లేదు. ఏ రోడ్డు చూసినా పడిపోయిన చెట్లే, కట్టెలకి కొదవే లేదు. కానీ ఆ కట్టె మండదు. అప్పుడే పడిన చెట్టు బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది, సరిగా మండాలంటే అది 20 శాతం లోపుకి దిగాలి, దానికి నెలలు పడుతుంది. మేం పాత టేకు తలుపు చట్రాన్ని చీల్చుకుని, కొబ్బరి పీచుతో రాజేసి వండుకున్నాం. కొనేటప్పుడు రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూడండి, ఎండినవైతే ఠంగుమంటాయి, పచ్చివైతే చప్పుడు దబ్బుమంటుంది. చివర్ల పగుళ్లు కూడా ఎండినదానికి గుర్తే.

అరకుకి మైనం క్యూబులు హాయిగా పనికొస్తాయి, మంచుకి తడిసినా మండుతాయి. అయితే మీరు అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైల్లో వెళ్తున్నట్లయితే వెంట పెట్టుకోకండి, రైల్లో మండే సరుకు తీసుకెళ్లడం నేరం. అక్కడే ఎండు కట్టె కొనుక్కోండి, సన్నగా చీల్చిన ఎండు వెదురు అంత మంచి చిదుగు ఇంకోటి లేదు. కణుపులు మూసుకున్న వెదురు ముక్కని చీల్చకుండా మంటలో వేస్తే లోపల వేడెక్కిన గాలికి ఠపీమని పేలుతుంది, జాగ్రత్త. మంట హోమ్‌స్టే వాళ్లు చూపించిన చోటే వేయండి, అడవిలో వద్దు. రాత్రి చలేస్తోందని నిప్పుల కుంపటిని టెంటులోకో గదిలోకో తెచ్చుకుని పడుకోకండి. పొగ రాకపోయినా బొగ్గు కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అద్దాలు మూసిన బాల్కనీకి కూడా ఇదే వర్తిస్తుంది.

గదిలో ఫైర్‌ప్లేస్ ఉన్న చోట దిగితే, వెలిగించే ముందు పొగగొట్టం మూత తెరిచి ఉందో లేదో చూడండి. అమెరికాలో ఉండే మా చెల్లి ఇంట్లో పెద్ద కట్టెలు అడుగున, చిన్నవి పైన పేర్చి, పై నుంచే వెలిగిస్తారు. మంట కిందికి దిగుతుంది, పొగ తక్కువ. గొట్టం చల్లగా ఉంటే పొగ గదిలోకే తిరిగొస్తుంది కాబట్టి ముందు ఒక కాగితం వెలిగించి గొట్టం దగ్గర పట్టుకుంటారు. అక్కడ చెట్టు బంక నిండిన పైన్ చెక్క పుల్లలు కట్టలుగా అమ్ముతారు, వాటికి వేరే స్టార్టరే అక్కర్లేదు.

వంటయ్యాక బూడిదని మూతున్న ఇనుప డబ్బాలో పోసి, నీళ్లు చిలకరించి, మర్నాడు చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూసుకున్నాకే చెత్త బండికి ఇవ్వండి. లోపలి బొగ్గులు తెల్లారేదాకా నిప్పు పట్టుకుని ఉంటాయి, ప్లాస్టిక్ డబ్బాలో పోస్తే డబ్బా కాలి మంట మేడంతా పాకుతుంది. నూనె ఒత్తులతో, కట్టె బొగ్గుతో వచ్చిన బూడిదైతే కొంచెం మొక్కల మట్టిలో కలుపుకోవచ్చు. తెల్ల క్యూబులు వాడిన రోజుది పారేయండి.