హెల్మెట్ల కోసం తీసుకున్న లోన్ ముందు వెనక్కి ఇచ్చేయండి

ప్రశ్న: మేం జర్మనీలో, ష్టుట్‌గార్ట్‌లో ఉంటాం. నాకు 36 ఏళ్లు. కార్ల విడిభాగాల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు 3,900 యూరోలు చేతికొస్తాయి. భార్య, నాలుగేళ్ల పాప ఉన్నారు. రాజమండ్రిలో అమ్మానాన్నలకు పంపే 400తో కలిపి ఇంటి ఖర్చు 3,100. ఐదేళ్లుగా ప్రపంచ యుద్ధాల నాటి జర్మన్ సైనిక టోపీలు, హెల్మెట్లు సేకరిస్తున్నాను, 14 ఉన్నాయి. వచ్చే నెల వేలంలో బవేరియా ఆఫీసర్ పికెల్‌హౌబె (పైన మొన ఉండే తోలు హెల్మెట్) ఒకటి, 1918 నాటి మచ్చల రంగుల హెల్మెట్ ఒకటి వస్తున్నాయి. రెండూ 6,400కు రావచ్చు, కమిషన్‌తో 8,000 అవుతుంది. పోయిన వారం 7.9 శాతం వడ్డీకి నాలుగేళ్ల లోన్ మీద సంతకం పెట్టాను. సేవింగ్స్ 2,600 ఉన్నాయి, డిస్పోలో (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్‌లో) 3,200 వాడాను. వీటి ధరలు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఇది పెట్టుబడే కదా?

జవాబు: మీ ఉత్తరం చదివిన రోజే మీకు విడిగా ఒక మాట రాశాను, ఇక్కడా అదే చెబుతున్నాను. జర్మనీలో ఇలాంటి లోన్‌ను సంతకం పెట్టిన 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. రద్దు లేఖ పంపండి, డబ్బు ఖాతాలో పడి ఉంటే 30 రోజుల్లో తిరిగి కట్టేయండి. గడువు దాటిపోయినా ముందే తీర్చేయండి. బ్యాంకు అడగగలిగేది తీర్చిన మొత్తంలో 1 శాతానికి మించదు.

మీ ఉత్తరాన్ని అందరి ముందూ పెట్టడానికి కారణం ఉంది. వస్తువు మారుతుందేమో గానీ ఈ లెక్క నాకు నెలనెలా వస్తూనే ఉంటుంది. పాత కెమెరాలు, వాచీలు, నాణేలు, ఇప్పుడు హెల్మెట్లు. ఇష్టపడి కొనుక్కునేదాన్ని పెట్టుబడి అనుకుని, దానికోసం అప్పు చేయడం. సేకరణను నేను తప్పుపట్టను. అప్పు తెచ్చి సేకరించడం మాత్రం తప్పు, అది గట్టిగానే చెబుతాను.

లెక్క చూడండి. 8,000కు నాలుగేళ్లలో మీరు కట్టేది దాదాపు 9,350. అమ్మేటప్పుడు వేలం సంస్థ 15 శాతం తీసుకుందనుకుంటే, మీ డబ్బు మీకు రావడానికి వేలంలో పాట 11,000 దగ్గర ఆగాలి. ఇవాళ 6,400 పలికేది నాలుగేళ్లలో 11,000 పలకాలన్నమాట. అదీ లాభం కోసం కాదు, నష్టం లేకుండా బయటపడడానికే.

అదీ రెండూ అసలువైతేనే. 1918 జులైలో జర్మన్ సైన్యం హెల్మెట్లకు మచ్చల రంగులు వేయమని ఆదేశించింది. మచ్చకూ మచ్చకూ మధ్య వేలు మందాన నల్ల గీత ఉంటుంది. మామూలు 1916 మోడల్ హెల్మెట్‌కు తర్వాతెప్పుడో అదే రంగు పూసి ఎక్కువ ధరకు అమ్మడం ఈ రంగంలో పాత మోసం. పికెల్‌హౌబె అయితే నుదుటి మీది లోహపు ఫలకం తీయించి లోపల తోలు చూడండి. అక్కర్లేని రంధ్రాలు కనిపిస్తే ఫలకం మార్చారన్నట్టే. నా దగ్గరకొచ్చిన ఒకాయన, పక్కలకు రెండు గుర్తులున్న 1942 మోడల్ సైన్యం హెల్మెట్‌ను 1,500కు కొన్నారు. ఆ రెండిటిలో ఒకటైన మూడు రంగుల గుర్తును సైన్యం 1940లోనే ఆపేసింది, కాబట్టి 1942 మోడల్ మీద అది ఉండకూడదు. ఆ సంగతి ఆయనకు తెలిసింది ఉద్యోగం పోయి అమ్మబోయిన రోజున. డీలరు లోపలి తోలు పట్టీ ఎత్తి, అంచున ఉన్న ముద్ర చూసి, 250 ఇస్తానన్నాడు. అద్దె కట్టాలి కాబట్టి ఆయన ఇచ్చేశారు.

నన్ను నిజంగా భయపెట్టింది ఇదే. మీకు సేవింగ్స్ 2,600, డిస్పో బాకీ 3,200. అంటే మీ దగ్గరున్నది మైనస్ 600. పాప ఉంది, అమ్మానాన్నలు మీ మీద ఆధారపడ్డారు, వీసా ఉద్యోగానికి ముడిపడి ఉంది, కార్ల రంగంలో ఉద్యోగాలు తగ్గిస్తున్నారు. ఉద్యోగం పోతే పాప ఉంది కాబట్టి నిరుద్యోగ భృతి నికర జీతంలో 67 శాతం దాకా వస్తుంది, మీకు సుమారు 2,600. నెలకు 500 లోటు, దాని మీద ఈ లోన్ కిస్తీ 195. ఉద్యోగం వదులుకుంటే కంపెనీ ప్యాకేజీ ఇస్తామంటే తొందరపడి సంతకం పెడితే, 12 వారాల దాకా ఆ భృతి కూడా ఆగిపోవచ్చు. ఆ మూడు నెలలు దేనితో గడుపుతారు? కెల్లర్‌లో, అంటే ఇంటి కింది నేలమాళిగలో, ఉన్న హెల్మెట్లతోనా? వేలంలో పెడితే డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది. వెంటనే కావాలంటే డీలరు చెప్పిందే ధర.

కాబట్టి ఆరు నెలల ఖర్చు, అంటే 18,600, ఖాతాలో చేరేదాకా ఒక్క హెల్మెట్ కూడా కొనకండి. సేవింగ్స్ నుంచి 1,600 తీసి డిస్పోలో వేయండి, 1,000 మాత్రం కదపకండి. మీకు నెలకు 800 మిగలాలి. ఇంతకాలం అది ఎటు పోయిందో మీకు తెలుసు. రెండు నెలల్లో డిస్పో తీరుతుంది. ఆ తర్వాత జీతం పడిన రోజే 800 వేరే ఖాతాకు వెళ్లేలా స్టాండింగ్ ఆర్డర్ పెట్టండి. 22 నెలల్లో లక్ష్యం చేరతారు. 14లో ఒకే మోడల్‌వి రెండు మూడు తప్పకుండా ఉంటాయి. వాటిని అమ్మితే ఇంకా ముందే చేరతారు. కొని ఏడాది దాటినవైతే లాభం మీద పన్ను ఉండదు. ఫొటోలు పెట్టేటప్పుడు స్వస్తిక్ ఉన్న గద్ద గుర్తును తప్పకుండా కప్పండి. మనకు శుభసూచకమైనా అక్కడ దాన్ని బహిరంగంగా చూపడం నేరం.

హౌస్‌రాట్ పాలసీ (ఇంట్లో సామాన్ల బీమా) కూడా తెరిచి చూడండి. వందేళ్లు దాటిన వస్తువును చాలా పాలసీలు విలువైన వస్తువుల లెక్కలో వేస్తాయి. వాటికి సాధారణంగా బీమా మొత్తంలో 20 శాతమే పరిమితి. వరద నీరు కెల్లర్‌లోకి వస్తే ప్రకృతి వైపరీత్యాల అదనపు కవర్ లేకుండా పైసా రాదు. తోలు పికెల్‌హౌబెను అక్కడ తేమలో ఉంచకండి, హీటర్ పక్కన కూడా పెట్టకండి.

ఉత్తరం చివర ఈటీఎఫ్‌లు (షేర్ మార్కెట్‌లో కొనే ఫండ్లు), హైదరాబాద్‌లో ప్లాటు గురించి కూడా అడిగారు. 18,600 చేరాక రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం. వచ్చే నెల వేలానికి మాత్రం మీ పేరు నమోదు చేసి ఉంటే ఈరోజే తీసేయించండి.