మద్యం ముట్టని అమ్మానాన్నలతో ఫ్రాన్స్ ద్రాక్షతోటలకు వెళ్లవచ్చా? జూరాకు వెళ్లండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఆగస్టు చివర్లో అమ్మానాన్నలు వస్తున్నారు. పారిస్ అయ్యాక మూడు నాలుగు రోజులు హడావిడి లేని పల్లెల్లో పాత కట్టడాలు, ద్రాక్షతోటలు చూపించాలి. కానీ ఇంట్లో ఎవరూ తాగరు కాబట్టి తోటలకు వెళ్లడం దండగేమోనని అనుమానం. నేను లియోన్‌లో ఉంటాను, మా వాళ్లను కూడా ఇలాగే తిప్పాను. జూరాకు తీసుకెళ్లండి, ఏమాత్రం దండగ కాదు.

జూరా ఫ్రాన్స్‌కు తూర్పున, బర్గండీకి స్విట్జర్లాండ్‌కు మధ్యన ఉంటుంది. 19వ శతాబ్దంలో ఇక్కడ దాదాపు 20,000 హెక్టార్లలో ద్రాక్ష ఉండేది. ఫిలోక్సెరా అనే పురుగు వేర్లను తినేశాక చాలా తోటలు మళ్లీ లేవలేదు. ఇప్పుడున్నవి సుమారు 2,000 హెక్టార్లు. అందుకే ఎటు చూసినా ద్రాక్షే కనిపించదు. ఒక వాలులో తోట, పక్కన ఆవుల మేత బీడు, పైన అడవి. టూరిస్టు బస్సులు తక్కువ.

మకాం అర్బువాలో పెట్టుకోండి. లూయీ పాశ్చర్ పుట్టింది దగ్గర్లోని దోల్‌లో, 1822లో. పెరిగింది మాత్రం అర్బువాలోనే. నది ఒడ్డున వాళ్ల ఇల్లు ఇప్పుడు మ్యూజియం. వైన్ ఎందుకు చెడిపోతోందో ఆయన పరిశోధించింది ఈ ఊరి వైన్ల మీదే. కాస్త వేడి చేస్తే చెడగొట్టే సూక్ష్మజీవులు చస్తాయని 1860లలో చూపించాడు. మన ఇంటికి వచ్చే పాల ప్యాకెట్ వెనక ఉన్న పద్ధతి అలా వైన్‌తో మొదలైందని చెబితే మా అమ్మ ఆ ఇంట్లో ప్రతి గదీ ఆగి ఆగి చూసింది.

ఇక్కడి అసలు విశేషం వాన్ జోన్, అంటే పసుపు వైన్. సావన్యాన్ అనే తెల్ల ద్రాక్షతో చేస్తారు. మామూలుగా పీపాలో వైన్ ఆవిరై తగ్గితే మళ్లీ నింపుతారు, గాలి తగిలితే వెనిగర్ అయిపోతుందని. వీళ్లు నింపరు. పాల మీద మీగడలా పైన ఈస్ట్ పొర కడుతుంది. దాన్ని కదపకుండా ఆరేళ్లు పైబడి అలాగే ఉంచుతారు. లీటరుకు చివరికి మిగిలేది 62 సెంటీలీటర్లని లెక్క, సీసా కూడా అంతే పడుతుంది. కొండ మీది శాతో-శాలోన్ ఊరి పేరుతో అమ్మేది ఈ ఒక్క రకమే. పంట నాణ్యంగా లేదని 1974, 1980, 1984, 2001లలో అక్కడి రైతులు ఆ పేరు పెట్టుకోవడమే మానేశారు. ఈ సంగతి మా నాన్నగారికి ఎంత నచ్చిందో చెప్పలేను. మాది తెనాలి వైపు వ్యవసాయ కుటుంబం.

ఆయన జన్మలో వైన్ ముట్టలేదు. ఒక రైతు తన నేలమాళిగలో గ్లాసు చేతికిస్తే వాసన మాత్రం చూసి, "ఏమ్మా, వీళ్లు దీంట్లో మెంతులు వేస్తారా?" అన్నారు. నేను ఫ్రెంచ్‌లో చెప్పగానే ఆ రైతు ముఖం వెలిగిపోయింది. మెంతులకు ఆ వాసననిచ్చే సోటోలోన్ అనే పదార్థమే వాన్ జోన్‌లోనూ ఉంటుంది. ఇక ఇద్దరూ నన్ను మధ్యలో పెట్టుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు: బూడిదరంగు బంకనేల, వడగళ్లు, కోత కూలీలు దొరకకపోవడం. తాగకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. రుచి చూసేవాళ్లు కూడా ఉమ్మేయడానికి అక్కడ పాత్ర ఉంటుంది. మీరు కారు నడుపుతుంటే తప్పకుండా ఉమ్మేయండి. రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల ఆల్కహాల్ చేరితే నేరమే, కొత్తగా లైసెన్స్ వచ్చిన వాళ్లకైతే 0.2 గ్రాములే. చిన్న రైతుల దగ్గరికి ముందు ఫోన్ చేసి వెళ్లండి. ఒక సీసా కొనుక్కుని రావడం మర్యాద.

కట్టడాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఉప్పు కర్మాగారాలు. సముద్రం ఎక్కడో ఉంది, ఉప్పేమిటి అనుకుంటారు. సలాన్-లె-బాన్ ఊరి కింద, నేల లోతుల్లో ఉప్పు పొర ఉంది. ఆ ఉప్పునీటిని పైకి తోడి, పెద్ద పెద్ద ఇనుప పెనాల్లో మరిగించి ఉప్పు తీసేవారు. 13వ శతాబ్దపు రాతి కమానుల సొరంగంలోకి దిగితే నీటిచక్రంతో నడిచే పంపు ఇప్పటికీ తిరుగుతూ కనిపిస్తుంది. పని 1962లో ఆగిపోయింది. మరిగించడానికి కట్టెలు కావాలి, శతాబ్దాల తరబడి నరికేసరికి చుట్టుపక్కల అడవులు తరిగిపోయాయి. అప్పుడు కట్టెలు మోసుకురావడం మాని, ఉప్పునీటినే 21 కిలోమీటర్ల చెక్క గొట్టాల్లో షో అడవి పక్కకు పంపారు. అక్కడ 1775-1779 మధ్య ఆర్కిటెక్ట్ క్లోద్-నికోలా లెదూ కట్టిన రాజ కర్మాగారమే ఆర్క్-ఎ-సెనాన్. అర్ధచంద్రాకారంలో భవనాలు, నడుమ బరువైన స్తంభాలతో డైరెక్టర్ ఇల్లు. ఎవరు ఎటు కదిలినా ఆ ఇంటి నుంచి కనబడాలని అలా కట్టారు. అప్పట్లో ఇక్కడా ఉప్పు మీద రాజు పన్ను ఉండేది. ఉప్పు పన్ను అంటే ఏమిటో మన వాళ్లకు వేరే చెప్పాలా, ఆ గోడలు అంత ఎత్తుగా ఎందుకున్నాయో వెంటనే అర్థమవుతుంది. ఆర్క్-ఎ-సెనాన్ 1982లో, సలాన్ 2009లో యునెస్కో జాబితాలో చేరాయి. రెండూ ఒకే రోజు చూడండి, ముందు సలాన్.

బోమ్-లే-మెస్యూకు ఒక పూట చాలు. నిట్టనిలువు కొండల మధ్య పాత మఠం. 910లో బర్గండీలోని ప్రసిద్ధ క్లూనీ మఠాన్ని నెలకొల్పడానికి వెళ్లిన బెర్నో ఇక్కడి మఠాధిపతే.

తిండి విషయం ముందే చెప్పాలి. కోంతే చీజ్ ఇక్కడిదే. ఒక్కో చక్రం సుమారు 40 కిలోలు, దానికి దాదాపు 400 లీటర్ల పచ్చిపాలు పడతాయి. పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. మీ వాళ్లు శాకాహారులైతే ఇది వాళ్లకు తెలియాలి. మా అమ్మ తినలేదు, తయారీ మాత్రం పొలిన్యీ అనే ఊళ్లో ఆసక్తిగా చూసింది. పల్లె హోటళ్లలో శాకాహారం దొరకడం కష్టం, వంటగది ఉన్న అద్దె ఇల్లు తీసుకుంటే టెన్షన్ ఉండదు.

దగ్గర్లోని బెజాన్సోన్ నగరం నుంచి లోకల్ రైలు ఆర్క్-ఎ-సెనాన్, అర్బువా, పొలిన్యీలలో ఆగుతుంది. శాతో-శాలోన్‌కు, బోమ్‌కు రైలు లేదు, కారు తప్పదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా చాలా దుకాణాలు మూసేస్తారు, సోమవారం కూడా చాలావాటికి సెలవే.

ఒక రోజు అటూ ఇటూ అయినా సెప్టెంబరు మొదటి ఆదివారం అర్బువాలో ఉండేలా చూసుకోండి. ఆ రోజు బియూ పండుగ. తొలి ద్రాక్ష గెలలన్నీ కలిపి ఒకే పెద్ద గెలలా కట్టి, రైతులు భుజాల మీద మోస్తూ సెయింట్ జూస్త్ చర్చికి ఊరేగిస్తారు. ఊరంతా వెంట నడుస్తుంది. గదులు మాత్రం ఇప్పుడే బుక్ చేయండి.