శాటిలైట్ నగరం చల్లగా ఉందంటోంది, మోడల్ వేడిగా ఉందంటోంది: ఏది నమ్మాలి?

వేసవిలో ల్యాండ్‌శాట్ అనే శాటిలైట్ తీసిన, నేల వేడిని చూపే చిత్రంలో నగరం కన్నా చుట్టూ ఉన్న పొలాలే వేడిగా ఉన్నాయి, వాతావరణాన్ని కంప్యూటర్లో లెక్కగట్టే డబ్ల్యూఆర్‌ఎఫ్ మోడల్లో మాత్రం రాత్రి నగరమే వేడిగా ఉంది, ఎక్కడ తప్పు చేశాను అని మీరు అడిగారు. బహుశా ఎక్కడా చేసి ఉండరు. నేనూ సరిగ్గా ఇక్కడే ఇరుక్కుని, లేని తప్పు కోసం మూడు వారాలు కోడంతా వెతికాను.

పంట కోసేసిన నేల సంగతి చూడండి. తడి లేదు కాబట్టి నీరు ఆవిరై చల్లబరిచే అవకాశం లేదు. పొడి మట్టి వేడిని లోపలికి పోనివ్వదు, అంతా పైపొరలోనే ఉండిపోతుంది. ఉదయం పదింటికల్లా పెనంలా కాలుతుంటుంది. ల్యాండ్‌శాట్ మన నెత్తి మీదికొచ్చేదీ ఇంచుమించు అప్పుడే. ఆ వేళకి కాంక్రీటు ఇంకా వేడిని లోపలికి పీల్చుకుంటూనే ఉంటుంది, పైగా మేడల నీడలు. రాత్రి లెక్క తిరగబడుతుంది: మట్టి గబగబా చల్లారిపోతే, కాంక్రీటు దాచుకున్నదంతా వదులుతుంది. ఇరుకు వీధుల్లో ఆకాశం కొంచెమే కనిపిస్తుంది కనుక ఆ వేడి తొందరగా పైకి పోలేదు.

ఇది కొత్త విషయమేం కాదు. రెండు వందల ఏళ్ల కిందట ల్యూక్ హోవార్డ్ అనే ఆంగ్లేయ వాతావరణ పరిశీలకుడు థర్మామీటర్లతో కొలిచి, లండన్ నగరం పల్లె ప్రాంతం కన్నా రాత్రిళ్లు 3.7 ఫారెన్‌హీట్ డిగ్రీలు వేడిగా, పగలు 0.34 డిగ్రీలు చల్లగా ఉందని రాశాడు.

ఇక నేను నిజంగా చేసిన తప్పు. మోడల్ ఇచ్చే రెండు మీటర్ల ఎత్తు గాలి ఉష్ణోగ్రతను (టీ2) శాటిలైట్ ఉపరితల ఉష్ణోగ్రత పక్కన పెట్టి గ్రాఫ్ గీశాను. పది డిగ్రీలకు పైగా తేడా. మా గైడ్ అడిగింది ఒక్కటే: "నువ్వు రోడ్డు మీద చెయ్యి పెట్టావా, గాలిలో పెట్టావా?" శాటిలైట్‌తో పోల్చాల్సింది మోడల్లోని ఉపరితల ఉష్ణోగ్రతను (దాని పేరు టీఎస్‌కే), అదీ శాటిలైట్ దాటిన వేళదే. అప్పుడు కూడా అచ్చంగా కలవదు. పైనుంచి చూసే కంటికి కప్పులూ రోడ్లూ కనిపిస్తాయి గానీ గోడలు పెద్దగా కనపడవు.

రాత్రి కోసం ఆక్వా శాటిలైట్ మీద ఉన్న మోడిస్ పరికరం డేటా తీసుకోండి. ఆక్వా చాలా ఏళ్లు రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో దాటేది. పిక్సెల్ కిలోమీటరు కాబట్టి వీధుల వివరం ఆశించకండి. ఈ మధ్య దాని కక్ష్య జరిగి వేళ మారుతోంది, అందుకని ఏ పిక్సెల్‌ని ఎప్పుడు చూసిందో చెప్పే సమయం పొర డేటాలోనే ఉంటుంది, దాన్ని చూసుకోండి. మబ్బుంటే డేటాయే ఉండదు, అంటే మీ సగటు నిర్మలమైన రాత్రులదే.

చిత్రంలో నగరం మధ్య చల్లని మచ్చలు కనిపిస్తే చెరువులనుకోకండి (నేను అనుకున్నాను). మెరిసే రేకుల కప్పులకు ఎమిసివిటీ (వేడిని కిరణాలుగా వెదజల్లే గుణం) తక్కువ, ఎంత కాలినా శాటిలైట్‌కి చల్లగానే తోస్తాయి. ల్యాండ్‌శాట్ 8, 9 థర్మల్ డేటా 30 మీటర్లని రాసి ఉన్నా అసలు కొలిచింది 100 మీటర్లకే.

మోడల్లో ముందు ఎస్‌ఎఫ్_అర్బన్_ఫిజిక్స్ (నగరాన్ని ఎలా లెక్కగట్టాలో చెప్పే సెట్టింగ్) సున్నాగా ఉందేమో చూడండి. సున్నా అయితే మీ నగరంలో వీధులూ గోడలూ ఏమీ లేవు, ఉత్త చదును పలక. తర్వాత నగరాన్ని చెరిపేసి అక్కడ పొలం పెట్టి ఇంకోసారి నడపండి. ఆ రెంటి తేడాయే నగరం చేసిన పని. "ఏ ఊరితో పోల్చాలి" అనే తలనొప్పి కూడా తప్పుతుంది. శాటిలైట్‌తో ఈ పని చేయలేం, నాకు మోడల్ మీద గౌరవం కలిగింది ఇక్కడే.

మోడల్లో నిజంగా అనుమానించాల్సింది మట్టి తేమను. ఉదయం పదింటి టీఎస్‌కేలో పొలాలు శాటిలైట్ చూపినదానికన్నా బాగా చల్లగా ఉంటే, మోడల్‌కి మొదట్లో ఇచ్చిన తేమ ఎక్కువైందన్నమాట. నా విషయంలో అదే జరిగింది. సరిచేశాక పగటి పూట మోడల్ కూడా శాటిలైట్ మాటే చెప్పింది, రాత్రి మాత్రం నగరం ముందులాగే వేడిగా ఉంది.