టెక్ సందేహాలు: యాప్ చూపించని సంగీతాన్ని పట్టుకోవడం ఎలా?

ప్రశ్న: నాకు టెక్నో, ఎలక్ట్రో లాంటి ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతమంటే ప్రాణం. కానీ స్పాటిఫై తిప్పి తిప్పి అవే పెద్ద పేర్లు చూపిస్తోంది. పెద్దగా ప్రచారం లేని ప్రొడ్యూసర్లను, అంటే ఈ ట్రాక్‌లు తయారుచేసేవాళ్లను కనిపెట్టేదెలా? – ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

మీరు వెతకడంలో లోపమేమీ లేదు. ఈ యాప్‌లు చాలావరకు ‘ఇది విన్నవాళ్లు ఇంకేం విన్నారు’ అన్న లెక్క మీదే పాటలు చూపిస్తాయి. లక్షల మంది విన్న ట్రాక్‌కి ఆ లెక్క చక్కగా కుదురుతుంది. రెండొందల మంది విన్నదానికి లెక్క కట్టడానికి సమాచారమే చాలదు. వినేవాళ్లు లేరని యాప్ చూపించదు, యాప్ చూపించదు కాబట్టి వినేవాళ్లు పెరగరు. పైగా 2024 నుంచి స్పాటిఫై, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 ప్లేలు రాని ట్రాక్‌కి రాయల్టీ ఇవ్వడం మానేసింది. కొందరైతే కావాలనే స్ట్రీమింగ్‌కి దూరంగా ఉంటారు. జపాన్‌లో ఉంటూ డీజే స్ప్రింకిల్స్ పేరుతో డీప్ హౌస్ అనే డ్యాన్స్ సంగీతం చేసే టెరె థేమ్‌లిట్జ్ అలాంటివారే. తన లేబుల్ (రికార్డులు విడుదల చేసే సంస్థ) కొమటోన్స్ నుంచి నేరుగా అమ్ముతారు. యాప్‌లో లేనంత మాత్రాన సంగీతం లేనట్టు కాదు.

అందుకే యాప్‌ని అడగడం మాని మనుషుల జాడ పట్టండి. మీకు బాగా నచ్చిన ఒక్క ప్రొడ్యూసర్‌తో మొదలుపెడితే చాలు, తీగ లాగితే డొంకంతా కదులుతుంది. ముందు డిస్కాగ్స్ తెరవండి. 2000లో ఎలక్ట్రానిక్ రికార్డుల జాబితాగా మొదలైన సైట్ ఇది. ఏ రికార్డు ఎవరు, ఎవరితో కలిసి, ఏ లేబుల్‌కి చేశారో ఇందులో ఉంటుంది. మీరు ఎలక్ట్రో అన్నారు కాబట్టి డ్రెక్సియా (Drexciya) అని కొట్టి చూడండి. జేమ్స్ స్టిన్సన్, జెరాల్డ్ డొనాల్డ్ అనే ఇద్దరు డెట్రాయిట్ వాళ్లు తొంభైల్లో ముఖాలు చూపించకుండా నడిపిన ప్రాజెక్టు అది. ఆ పేజీలో స్టిన్సన్ పేరు మీద నొక్కితే ‘ఏలియాసెస్’ అన్న వరుసలో ఆయన వాడిన మారుపేర్లు వస్తాయి: ట్రాన్స్‌ల్యూజన్, ది అదర్ పీపుల్ ప్లేస్. డొనాల్డ్ పేరు నొక్కితే డాప్లరెఫెక్ట్, అర్పనెట్ కనిపిస్తాయి. వినగానే ఒకే చేతి పని అని తెలిసిపోయే సంగీతం ఇన్ని పేర్ల వెనక ఉంటుంది. మారుపేర్లన్నిటినీ ఒకే మనిషికి కలిపి చూపించడం స్ట్రీమింగ్ యాప్‌కి సాధారణంగా చేతకాదు.

ఆ తర్వాత లేబుళ్లు. డ్రెక్సియా రికార్డులు డెట్రాయిట్‌లోని అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ నుంచీ, బెర్లిన్‌లోని ట్రెసర్ నుంచీ వచ్చాయి. వాటిలో కొన్నింటిని తర్వాతి కాలంలో మళ్లీ అచ్చువేసింది రోటర్‌డామ్‌లోని క్లోన్. ఏ లేబుల్ పేజీ తెరిచినా వాళ్లు తెచ్చిన రికార్డులన్నీ కేటలాగ్ నంబర్ల వరుసలో ఉంటాయి. చిన్న లేబుల్ అంటే ఒకరిద్దరి అభిరుచి. అది మీకు కుదిరిందంటే ఆ వరుసలో సగం మీకు నచ్చుతుంది. కళాకారుల కంటే ముందు లేబుళ్లను ఫాలో అవ్వమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

మూడోది, కళాకారులు తమ సంగీతాన్ని నేరుగా అమ్ముకునే సైట్ బ్యాండ్‌క్యాంప్. ఇక్కడ ఆల్బమ్ పేజీలో ‘సపోర్టెడ్ బై’ అని చిన్న చిన్న ఫొటోల గుంపు ఉంటుంది. వాళ్లంతా ఆ ఆల్బమ్‌ని డబ్బు పెట్టి కొన్నవాళ్లు. కొందరు ఫలానా ట్రాక్ ఎందుకు నచ్చిందో రెండు ముక్కలు రాస్తారు కూడా. ఆ ఫొటో నొక్కితే ఆ మనిషి కొన్న సంగీతమంతా తెరుచుకుంటుంది. మీ దగ్గరున్న ఆల్బమ్‌లే నాలుగైదు అక్కడ కనిపించాయా, వాళ్లని ఫాలో అయిపోండి. ఏ సాఫ్ట్‌వేర్ సిఫార్సూ దీని దరిదాపుల్లోకి రాదు. ఎందుకంటే వీళ్లు యథాలాపంగా విన్నవాళ్లు కాదు, జేబులోంచి డబ్బు తీసి ఇచ్చినవాళ్లు.

కొనేటప్పుడు మీ కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉండాలి. డిజిటల్ అమ్మకంలో బ్యాండ్‌క్యాంప్ మామూలుగా 15 శాతం తీసుకుంటుంది. 2020 మార్చి 20న మొదలైన ‘బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే’ రోజుల్లో మాత్రం తన వాటా వదులుకుంటుంది. ఏడాదిలో ఆ శుక్రవారాలు కొన్నే ఉంటాయి. కొనదలచినవన్నీ విష్‌లిస్ట్‌లో పెట్టుకుని ఆ రోజు కొనండి.

మీరు ఇంకొకరికి చెప్పేటప్పుడు వంద ట్రాక్‌ల ప్లేలిస్టు పంపొద్దు, ఎవరూ వినరు. ఒక్క ట్రాక్, ప్రొడ్యూసర్ పేరు, లేబుల్ పేరు, ఎన్నో నిమిషంలో ఏం జరుగుతుందో ఒక్క వాక్యం. లింకు కూడా ఆ ప్రొడ్యూసర్‌కి డబ్బు వెళ్లే పేజీదే ఇవ్వండి. ఎవరో ఎక్కించిన కాపీది వద్దు.

ప్రశ్న: డీజే మిక్స్‌లో విన్న ట్రాక్‌ని షాజమ్ గుర్తుపట్టడం లేదు. వేరే దారి ఉందా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

మోగుతున్న పాట విని పేరు చెప్పే యాప్ షాజమ్ ఏం చేస్తుందంటే, ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీ గట్టిగా వినిపిస్తోందో చుక్కలుగా తీసుకుని, ఆ చుక్కల అమరికను తన డేటాబేస్‌తో పోలుస్తుంది. డీజే తన పిచ్ ఫేడర్‌ని (ట్రాక్ వేగం మార్చే మీట) 6 శాతం పైకి జరిపితే 130 బీపీఎం (నిమిషానికి 130 బీట్లు) ట్రాక్ దాదాపు 138కి చేరుతుంది. శ్రుతి కూడా సుమారు అర స్వరం పెరుగుతుంది. చుక్కలన్నీ జరిగిపోతాయి, షాజమ్ చేతులెత్తేస్తుంది.

ఆ భాగాన్ని ఒక నిమిషం రికార్డు చేసి, ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో ‘ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్’ ఎంచుకుని మైనస్ 2, 4, 6 శాతం చొప్పున తగ్గిస్తూ ఫోన్‌లోని షాజమ్‌కి వినిపించండి. యూట్యూబ్‌లో స్పీడ్ తగ్గిస్తే లాభం లేదు, అది శ్రుతిని మార్చకుండా వేగాన్ని మాత్రమే తగ్గిస్తుంది. రెండు ట్రాక్‌లు కలిసే చోటు కాకుండా ఒకటే మోగుతున్న భాగం తీసుకోండి. 128 బీపీఎం దగ్గర 32 బార్ల (ఒక్కో బార్‌కి నాలుగు బీట్లు) కలయిక అంటే సరిగ్గా ఒక నిమిషం, అంతసేపు రెండూ కలగలిసే ఉంటాయి.

అప్పటికీ దొరకకపోతే మిక్సెస్‌డీబీ, 1001ట్రాక్‌లిస్ట్స్ సైట్లలో ఆ మిక్స్ పేరుతో వెతకండి. వినేవాళ్లే కూర్చి పెట్టిన ట్రాక్‌ల జాబితాలు అక్కడుంటాయి. లండన్‌లో 2011లో మొదలైన ఎన్‌టీఎస్ రేడియో అయితే చాలా షోలకి తనే ట్రాక్‌లిస్టు ఇస్తుంది. జాబితాలో ‘ఐడీ’ అని మాత్రమే ఉంటే ఆ ట్రాక్ ఇంకా ఎవరికీ తెలియలేదనో, విడుదల కాలేదనో అర్థం. కొన్నాళ్లాగి మళ్లీ చూడండి.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటి సంగీతం చేసినవాళ్లు లేరా? – డిగ్రీ విద్యార్థిని, విజయవాడ

ఉన్నారు, అదీ చాలా ముందునుంచే. అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో ఏర్పాటైంది. అక్కడి టేపులు దశాబ్దాల తర్వాత బయటపడ్డాయి. హిందీ సినిమా పాటల ఆర్కెస్ట్రాల్లో వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ వాద్యాలు టీఆర్-808, టీబీ-303, జూపిటర్-8 పెట్టుకుని రాగాలతో డిస్కో ఆల్బమ్ చేశారు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. 2010లో రికార్డులు సేకరించే ఒక డచ్ వ్యక్తి మళ్లీ విడుదల చేశాక, అచ్చం యాసిడ్ హౌస్ అనే డ్యాన్స్ సంగీతంలా ఉందని ప్రపంచం ఆశ్చర్యపోయింది. చికాగోలో ఆ పేరుతో రికార్డులు వచ్చింది 1987 ప్రాంతంలో మరి! ఇప్పటివాళ్ల కోసం ఢిల్లీ నుంచి నడిచిన ఆన్‌లైన్ రేడియో బాక్సవుట్ ఎఫ్‌ఎం షోలు వెతికి వినండి.

ప్రశ్న: బ్యాండ్‌క్యాంప్‌లో కొన్నాక ఫ్లాక్ తీసుకోవాలా, ఎంపీ3 చాలా? – ఉద్యోగి, తిరుపతి

దాచుకోవడానికి నాణ్యత ఏమీ తగ్గని ఫ్లాక్, దాంట్లోంచి ఎప్పుడైనా ఎంపీ3 చేసుకోవచ్చు. ఫోన్‌లో బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో వినడానికి 320 కేబీపీఎస్ ఎంపీ3 సరిపోతుంది, బ్లూటూత్ దారిలో ఎలాగూ ఇంకోసారి కుదింపు జరుగుతుంది. ఐఫోన్ మ్యూజిక్ యాప్‌లోకి ఎక్కించాలంటే ఫ్లాక్ బదులు, అలాగే నాణ్యత తగ్గని ఆపిల్ ఫార్మాట్ ఏఎల్‌ఏసీ ఎంచుకోండి.

ప్రశ్న: ఇంట్లోనే టెక్నో ట్రాక్‌లు చేస్తున్నాను. లేబుళ్లకి ఎలా పంపాలి? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

మీరు నిజంగా వినే, రికార్డులు కొనే లేబుళ్లకే పంపండి. మూడు ట్రాక్‌లు చాలు. సౌండ్‌క్లౌడ్‌లో ప్రైవేట్ లింకు పెట్టి, డౌన్‌లోడ్ ఆన్ చేయండి. వందమందికి ఒకే మెయిల్ కాపీ కొట్టొద్దు. పాత సినిమా పాట ముక్క వాడి ఉంటే, రికార్డింగ్ హక్కులున్నవాళ్లనుంచీ పాట హక్కులున్నవాళ్లనుంచీ అనుమతి తీసుకోకుండా విడుదలకి ఇవ్వకండి. డబ్బిచ్చి ప్లేలు కొనే జోలికి అసలు పోకండి, పట్టుబడితే ట్రాక్‌నే తీసేస్తారు. ఇంకోటి, ఫైల్ లోపలి ట్యాగుల్లో ఆర్టిస్ట్ పేరు, ట్రాక్ పేరు, మీ మెయిల్ నింపండి. డౌన్‌లోడ్ చేసుకున్నాక ఆ ఫైల్ ఎవరిదో తెలిసేది వాటితోనే. వేవ్ ఫైళ్లలో ట్యాగులు చాలా ప్లేయర్లకి కనిపించవు కాబట్టి ఏఐఎఫ్ఎఫ్ గానీ 320 ఎంపీ3 గానీ పంపండి.